ప్రవృత్తి హేతువు - సామాజిక మాధ్యమములు

మానవుడు ఒక పనికి ఏల పూనుకొనునను ప్రశ్న తర్కశాస్త్రమునకు మిక్కిలి ప్రియమైనది. రాజాజ్ఞకు వెరచి చేయు పనికి కారణము వెదకనక్కరలేదు. ఎవ్వరును ఆజ్ఞాపింపకయే, ఏ గురువును బెత్తము పట్టి నేర్పకయే, ఒక ఊరి జనమంతయు పదేండ్లలో ఒకే పనికి అలవడినచో దానికి బలమైన హేతువు ఉండితీరవలెను. బద్వేలు బస్టాండులో నేడు ఏ వేళ నిలిచి చూచినను ఈ వింత కానవచ్చును. మైదుకూరు బస్సుకై వేచియున్న రైతు, ఆసుపత్రికి వచ్చిన వృద్ధురాలు, కాలేజీకి పోవు పిల్లవాడు, టీ అంగడి యజమాని, అందరి చూపును అరచేతిలోని ఫోనుపైననే యుండును. వాట్సాప్, యూట్యూబ్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ అను పేర్లు అక్షరము రానివారి నోటను ఇంటిపేర్లవలె పలుకుచున్నవి. వీనినే పత్రికలు సామాజిక మాధ్యమములని వ్యవహరించుచున్నవి.

వీనిని నిందించుట సులభము. పెద్దలు పలువురు నిందించుచునే యున్నారు. నిందించిన పిమ్మట ఆ నిందనే వాట్సాపులో పదిమందికి పంపుచున్నారు. కావున నిందకు ముందు కారణవిచారము చేయుట యుక్తము.

విశ్వనాథ న్యాయపంచాననుని న్యాయసిద్ధాంతముక్తావళి పదునేడవ శతాబ్దపు గ్రంథము. సంస్కృత పాఠశాలలలో తర్కసంగ్రహము ముగిసిన పిమ్మట దీనిని పాఠము చెప్పుట వాడుక. అందు ప్రవృత్తికి, అనగా ఒక పనియందు మనుజుడు చేయు ప్రయత్నమునకు, కారణములు విచారింపబడినవి. ఆ విచారము యొక్క సారము ఇట్లున్నది. "ఇది నా చేత కాగలదు" అను తెలివి మొదట కలుగవలయును. దానికి కృతిసాధ్యతాజ్ఞానమని పేరు. "దీనివలన నేను కోరినది లభించును" అను తెలివియు కలుగవలయును. అది ఇష్టసాధనతాజ్ఞానము. ఈ రెండును కలిగినపుడు చేయవలెనను కోరిక పుట్టును. అయితే "దీనివలన లభించు మేలుకంటె మించిన కీడు కలుగును" అని తోచినచో ఆ కోరికకు అడ్డు తగులును. కావున అట్టి తెలివి అడ్డుపడకుండుటయు కావలయును.

దీనికి శాస్త్రకారులు చూపిన ఉదాహరణములు రాయలసీమ వారికి వివరింపనక్కరలేనివి. వాన కురియవలెనని కోరనివారు బద్వేలు సీమలో ఎవరున్నారు? వేరుసెనగ విత్తి ఆకాశము వంక చూచు ప్రతి రైతునకును వాన ఇష్టమే. ఐనను వాన కురిపించు పనికి ఎవడును నడుము కట్టడు. అది తన చేతిలోని పని కాదని ఎరుగును. ఇష్టమున్నను కృతిసాధ్యత లేదు, కావున ప్రవృత్తియు లేదు. ఇక తేనెయు విషమును కలిసిన అన్నము రెండవ ఉదాహరణము. తినుట చేతనైన పనియే, తీపియు ఇష్టమే. విషమున్నదని ఎరిగినవాడు మాత్రము ముద్ద ఎత్తడు. ఎరుగనివాడు ఎత్తును. భేదమంతయు ఆ ఎరుకలోనే కలదు.

పాశ్చాత్య విద్వాంసులును ఇటీవల ఈ దారినే వచ్చిరి. ఫ్రెడ్ డేవిస్ అను అమెరికా పండితుడు 1989లో ఒక సిద్ధాంతమును ప్రకటించెను. కార్యాలయములలో ఉద్యోగులు కంప్యూటరును ఏల స్వీకరింతురు, ఏల నిరాకరింతురు అనునది ఆయన విచారించిన విషయము. పనికి వచ్చునను నమ్మకము, వాడుట సులభమను నమ్మకము, ఈ రెండే ముఖ్యములని ఆయన తేల్చెను. ఇష్టసాధనత, కృతిసాధ్యత అను మాటలు ఆయనకు తెలియకపోయినను చెప్పినది ఇంచుమించు అదియే. కీడును గూర్చిన తెలివి మాత్రము ఆయన సిద్ధాంతమున ప్రధానాంగముగ చేరలేదు. ఆ మూడవదానిని విడిచినచో ఫోను విషయమున సగమే తెలియును.

మొదట ఇష్టము మాట. బద్వేలు ప్రాంతపు గృహస్థులు కోరినది ఏమి? దీనికి సమాధానము కువైటులో నున్నది. కడప జిల్లానుండి కొన్ని దశాబ్దములుగ జనము కువైటునకు పోవుచున్నారు. పురుషులు డ్రైవర్లుగను, కూలీలుగను పోగా, స్త్రీలు అరబ్బుల ఇండ్లలో పనికి పోయిరి. తల్లి అక్కడ పరుల బిడ్డలకు అన్నము పెట్టుచుండగా, ఆమె బిడ్డలు ఇక్కడ అవ్వ పంచన పెరిగిన కుటుంబములు ఈ సీమలో పెక్కు కలవు. పూర్వము వారి నడుమ ఉత్తరమే ఆధారము. వ్రాయుట రాని తల్లి అక్కడ మరియొకరిచేత వ్రాయించవలెను. చదువుట రాని అవ్వ ఇక్కడ మరియొకరిచేత చదివించుకొనవలెను. ఇద్దరు పరుల చెవిని పడని కష్టసుఖమేదియు ఆ ఉత్తరమున సాగదు. యజమానురాలు కొట్టినదని గాని, జీతము ఇవ్వలేదని గాని, ఇంటివద్ద అప్పులవాడు వచ్చి కూర్చుండెనని గాని వ్రాయుటకు మనసొప్పదు. "అందరము క్షేమము" అని ముగింతురు. కొందరు క్యాసెట్లలో మాటలు నింపి, సెలవుపై వచ్చువారి చేతికిచ్చి పంపెడివారు. ఆ మాటలు చేరునప్పటికి నెలలు గడచెడివి.

1990 ఆగస్టులో ఇరాకు సైన్యము కువైటును ఆక్రమించినది. అక్కడ నున్న తమవారు బ్రతికియున్నారో లేదో తెలియక ఎన్నియో కుటుంబములు వారములకొలది తల్లడిల్లినవి. భారత ప్రభుత్వము అమ్మాను నగరమునుండి ఎయిరిండియా విమానములను నడపి లక్షకు మించిన జనమును స్వదేశమునకు చేర్చినది. బొంబాయిలో దిగి, రైలెక్కి, బస్సెక్కి మనిషి గడపలో నిలిచినపుడే అనేక గృహములకు వార్త అందినది. అట్టి నిరీక్షణము నెరిగిన ఇంటిలో, బిడ్డ ముఖము అద్దములోవలె కనబడి "అవ్వా, తింటివా?" అని పలుకునపుడు, ఆ వస్తువును వలదని చెప్పగల శాస్త్రమేది? వాట్సాపులో మాటలాడు సౌకర్యము 2015లోను, ముఖము చూచుచు మాటలాడు సౌకర్యము 2016 నవంబరులోను వచ్చినవి. గల్ఫు కుటుంబములలో ఇమో అనునదియు మిక్కిలి వాడుకలోనికి వచ్చినది. తంతి సౌకర్యమును ప్రభుత్వము 2013 జులైలో మూసివేసినపుడు, మరణవార్తలు మోసిన ఆ తంతికై కన్నీరు పెట్టినవారు ఎక్కువమంది లేరు.

ఇక కృతిసాధ్యత. కోరిక ఎంత పాతదైనను, పని చేతికి అందినప్పుడే ప్రవృత్తి కలుగును. వాట్సాపు 2009లో పుట్టినది. ఆరేడేండ్లు అది పల్లెకు రాలేదు. ఫోను ధర, నెట్టు ధర, ఇంగ్లీషు అక్షరములు, ఈ మూడును అడ్డుగోడలై నిలిచినవి. మొదటిదానిని చైనా ఫోనులును, కువైటునుండి వచ్చిన కొడుకు విడిచిపోయిన పాత ఫోనును కూల్చినవి. రెండవదానిని 2016 సెప్టెంబరు 5న ఆరంభమైన జియో కూల్చినది. కొన్ని నెలలపాటు అది నెట్టును ఉచితముగ పంచిపెట్టగా, తక్కిన కంపెనీలును ధర తగ్గింపక తప్పలేదు. ఏటా కొద్దిపాటి రుసుము తీసికొను నియమమును వాట్సాపు ఆ ఏడు జనవరిలోనే ఎత్తివేసియుండెను. మూడవ గోడ కూలిన తీరు వింతయైనది. చదువు రానివారు చదువు నేర్వలేదు. చదువు అవసరమే తొలగిపోయినది. మైకు గుర్తును నొక్కి మాటలాడినచో ఆ మాటయే పోవును. పేరుకు బదులు బొమ్మ, సంతకమునకు బదులు ఫోను నంబరు. వయోజన విద్యకై ప్రభుత్వములు ఎంతో కాలము శ్రమించిన పల్లెలలో, అక్షరము లేకయే వార్త పంపు విద్య కొద్ది నెలలలో వ్యాపించినది. ఇది సంతోషింపదగినదా, చింతింపదగినదా అని తేల్చుట కష్టము.

ఇష్టమును, సులభతయు ఉన్నను, మొదట అడుగు వేయువారు కొందరే. తక్కినవారు పొరుగువానిని చూచి వేయుదురు. 1943లో రయాన్, గ్రాస్ అను ఇద్దరు పరిశోధకులు అమెరికాలోని అయోవా రాష్ట్రమున మొక్కజొన్న రైతులను గూర్చి ఒక పరిశీలనమును ప్రకటించిరి. సంకర విత్తనమును 259 మంది రైతులు ఎప్పుడు, ఎవరిని చూచి స్వీకరించిరని వారు అడిగిరి. విత్తనమును గూర్చిన వార్త తొలుదొలుత అందినది వ్యాపారులవలన. విత్తుటకు మనసు కుదిరినది పొరుగు రైతు చేను చూచి. ఇది వేరుసెనగ విత్తనము విషయమున బద్వేలు రైతునకును అనుభవమే. ముందు గొఱ్ఱె పోయిన దారిని మంద పోవుటను శాస్త్రజ్ఞులు గడ్డరికాప్రవాహన్యాయమందురు. దీనిని అవివేకమునకే ఉదాహరింతురు గాని, ముందున్న గొఱ్ఱెకు నీటిజాడ తెలిసియుండిన సందర్భములును లేకపోలేదు.

అయితే ఫోను విషయమున విత్తనమునకు లేని బలమొకటి కలదు. పొరుగువాడు కొత్త విత్తనము వేసినంతమాత్రమున పాత విత్తనము మొలవక మానదు. ఊరందరును వాట్సాపు గ్రూపులో చేరినపుడు మాత్రము, చేరనివానికి పాత దారి మూసికొనిపోవును. పెండ్లి శుభలేఖ గ్రూపులోనే వచ్చును. కరెంటు పోవు వేళ గ్రూపులోనే తెలియును. దాయాదుల ఇంట మరణము సంభవించినచో కబురు గ్రూపులోనే పడును. చూడనివాడు దినకర్మ నాడు వచ్చి మాట పడును. 2020 మార్చిలో బడులు మూసినపుడు పాఠములు ఫోనులోనికి వచ్చినవి. ఫోను లేని ఇంటి పిల్లలు చదువునకు దూరమైరి. మేకలమ్మి ఫోను కొన్న తండ్రిని వ్యసనపరుడనుట అన్యాయము. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము "మన మిత్ర" అను పేర 161 సేవలను వాట్సాపు ద్వారమున ప్రారంభించినది. కచేరీ చుట్టు తిరుగు బాధ తప్పించుకొనుటకై ఫోను పట్టువారు కొత్తగా చేరిరి. సుఖము ఒక్కటే కాదు, దుఃఖము తొలగుటయు స్వతస్సిద్ధమైన ఇష్టమేయని నైయాయికులు చెప్పిన మాట ఇచ్చట పొసగును. పెక్కుమంది ఏదో పొందవలెనని కాక, వెలి కాకూడదని చేరినవారే.

ఇంతవరకు చెప్పినది స్వీకరించుటను గూర్చి. స్వీకరించుట వేరు, విడువలేకుండుట వేరు. బిడ్డ ముఖము చూచుటకై కొన్న ఫోనును, బిడ్డతో మాటలు ముగిసిన పిమ్మట అర్ధరాత్రి దాక వ్రేలితో పైకి త్రోయుచు కూర్చుండుటకు ఏ ఇష్టసాధనతాజ్ఞానము కారణము? అడిగినచో ఆ మనిషియే "ఊరకే" అని బదులు చెప్పును. ఆ "ఊరకే" యను మాటలోనే చిక్కంతయు నున్నది. ఇచ్చట జ్ఞానము వెనుకకు తగ్గి, సంస్కారము, అభ్యాసము ముందుకు వచ్చినవి.

ఈ అభ్యాసము తానై పుట్టినది కాదు, బుద్ధిమంతులు కూర్చుండి కట్టినది. స్కిన్నర్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు పావురములపై ప్రయోగములు చేసెను. ముక్కుతో పొడిచిన ప్రతిసారియు గింజ వచ్చుచు, పిమ్మట రాకపోయినచో పావురము త్వరలో మానుకొనును. ఎప్పుడు వచ్చునో తెలియకుండ అప్పుడప్పుడు మాత్రమే గింజ వచ్చినచో విడువక పొడుచుచునే యుండును. ఫేస్‌బుక్కులో మెచ్చుకోలు తెలుపు బొటనవ్రేలి గుర్తు 2009లో వచ్చినది. తాను పెట్టిన ఫోటోకు ఎందరు మెచ్చిరో, ఎప్పుడు మెచ్చెదరో తెలియదు; కావున మాటిమాటికి తెరచి చూడవలెను. పుట అడుగునకు చేరగనే కొత్త విషయము తానై వచ్చి చేరునట్టి ఏర్పాటును 2006లో ఆజా రాస్కిన్ అను యువకుడు రూపొందించెను. కొన్నేండ్ల తరువాత ఆయనయే అందులకు బహిరంగముగ చింతించెను. గ్రంథమునకు "సమాప్తము" ఉన్నది, హరికథకు మంగళహారతి ఉన్నది. దీనికి ముగింపు లేదు. 2020 జూన్‌లో టిక్‌టాక్‌ను కేంద్రప్రభుత్వము నిషేధించినది. మరుసటి నెలలోనే ఇన్‌స్టాగ్రామ్ వారి రీల్సు ఆ చోటును ఆక్రమించినవి. ఒక అంగడి మూసినను గిరాకి మిగిలియున్నదని దీనివలన తెలియుచున్నది.

కట్టినవాని ప్రయోజనమేమి అని అడుగుట కూడ ఈ విచారములో భాగమే. బద్వేలునకు ఉత్తరమున పోరుమామిళ్ల చెరువు కలదు. శాలివాహన శకము 1291లో, అనగా క్రీస్తు శకము 1369లో, బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు దీనిని కట్టించెను. వేయిమంది కూలీలు, రాళ్లు మోయు నూరు బండ్లు, రెండేండ్ల పని అని పోరుమామిళ్ల భైరవాలయము కడనున్న సంస్కృత శాసనము తెలుపుచున్నది. మంచి చెరువునకు కావలసిన పండ్రెండు సాధనములను, తగని ఆరు దోషములను ఆ శాసనము లెక్కించినది. సాధనములలో మొదటిది రాయి కాదు, మట్టి కాదు, నీరును కాదు. ధర్మబుద్ధి గల్గి కీర్తిని కోరు రాజు. కట్టించువాని కోరిక ఎట్టిదో చెరువును అట్టిదగునని ఆ కాలపువారు ముందుగనే ఎంచిరి. భవదూరుడు కోరినది కీర్తి; అది రైతు చేను పండినప్పుడే లభించును. ఈ మాధ్యమములను కట్టినవారు కోరినది ప్రకటనల ఆదాయము. అది చూచువాడు కన్ను తిప్పక కూర్చున్నప్పుడే లభించును. మొదటిచోట ఇరువురి ఇష్టము ఒక్కటే. రెండవచోట కొంతదూరము మాత్రమే కలిసి నడచి, అర్ధరాత్రి వేళకు విడిపోవును.

శాసనములోని ఆరు దోషములలో ఒకటి, నీరు మిక్కుటమై సాగునేల కొంచెమైయుండుట. కరవు సీమలో నీరెక్కువగుటయు దోషమా యని వినువారికి వింతగ తోచవచ్చును. చెరువు కట్టినవారికి తోచలేదు. అలుగు పారించు దారి లేక నిండిన చెరువు కట్టను తెంచును. దినమునకు నూరు గ్రూపుల వార్తలు, వాని నుంచుకొనుటకు ఒక్క మనస్సు.

ఇక విషమిశ్రమైన తేనె మాట. కీడు కలుగునని ఎరిగియు ఏల చేయుదురని ముక్తావళికారుడు ఆక్షేపించుకొని సమాధానము చెప్పెను. తీవ్రమైన రాగము గాని క్రోధము గాని పెల్లుబికినపుడు ఆ కీడును గూర్చిన తెలివి లేకపోదు, మరుగుపడునట. 2018లో పిల్లలను ఎత్తుకొనిపోవు దొంగల ముఠాలు తిరుగుచున్నవని తెలుగుసీమలోను, దేశమున ఇతర ప్రాంతములలోను వాట్సాపు పుకార్లు చెలరేగినవి. భిక్షకులను, బాటసారులను, మతి చెడినవారిని జనము పట్టి కొట్టిరి, ప్రాణములును పోయినవి. ఆ వార్త పంపినవారందరు దుర్మార్గులు కారు. తమ బిడ్డల మీది ప్రీతి, పొరుగువారిని హెచ్చరింపవలెనను సద్బుద్ధి వారిని పురికొల్పినవి. ఒక వార్తను ఒక్కసారిగ అయిదు చోట్లకు మించి పంపరాదను నియమమును వాట్సాపు ఆ ఏడు జులైలో భారతదేశమున విధించినది. మనుష్యుల రాగమును తగ్గించుట కంపెనీకి శక్యము కాదు. పంపుట కొంత కష్టము చేసినది. కృతిసాధ్యత తగ్గినంత మేరకు ప్రవృత్తియు తగ్గును.

వైష్ణవ గృహములకు ఇది మరియొక రూపమున వచ్చినది. 2020 మార్చి 20న తిరుమలలో భక్తులకు దర్శనము నిలిపివేయబడినది. ఆ యేటి బ్రహ్మోత్సవములు ఏకాంతముగ జరిగినవి. ఏటేట కాలినడకన కొండకు పోవువారు శ్రీ వేంకటేశ్వర భక్తి ఛానలునందును, ఫోనునందును స్వామివారి వాహనసేవలు చూచి కన్నీరు నించిరి. ఫోను పట్టుకొనుట పాపమనుకొన్న వృద్ధులు పలువురు ఆ సమయముననే దానిని పట్టిరి. పట్టిన కొలది దినములకే "ఈ సందేశమును పదునొకండుగురికి పంపినచో శుభవార్త వినెదరు, పంపనిచో కీడు కలుగును" అను మాటలును వారికి వచ్చి చేరినవి. ఇది నూతనము కాదు. పూర్వము ఇదే మాట పోస్టుకార్డులపై వచ్చెడిది. భయపడి ఇరువది కార్డులు కొని వ్రాసిన గృహిణులు ఉండిరి. స్వామిపేరు చెప్పి భయపెట్టు ఈ పద్ధతికి ఏ ఆగమమునందును, ఏ పురాణమునందును ప్రమాణము లేదు. కార్డునకు కొంత ఖర్చు, చేతినొప్పి ఉండెడివి. అవియే దానికి అలుగు. ఇప్పుడవియు లేవు.

దర్శనము టిక్కెట్లు, గదులు ఇప్పింతుమని చెప్పి డబ్బు గుంజు మోసగాండ్రును ఈ ప్రీతినే ఆశ్రయించిరి. దేవస్థానము పేరిట నకిలీ వెబ్‌సైట్లు నడపినవారిని గూర్చి తిరుమల తిరుపతి దేవస్థానము పలుమారులు హెచ్చరించినది. దర్శనముపై తమకము హెచ్చిన వేళ చిరునామా సరిచూచు ఓపిక ఉండదు. శాస్త్రకారుడు చెప్పిన మరుగుపాటు ఇదియే. దేవస్థానము వారి అధికారిక వెబ్‌సైటు, అధికారిక యాప్ తప్ప మరి ఏ ఫేస్‌బుక్ పుటకును, ఏ వాట్సాపు నంబరునకును టిక్కెట్టు డబ్బు పంపరాదు.

కోరికను గద్దించి అణచుట గృహస్థులకు అంత సులభము కాదు. పనిని కొంత దూరము చేయుట సులభము. కొన్ని ఇండ్లలో పెద్దలు ఈ సూక్ష్మమును ఏ గ్రంథమును చదువకయే గ్రహించిరి. దీపము పెట్టు వేళ ఫోనులన్నియు వంటింటి గూటిలో చేరును. కావలసినవారు లేచి పోవలెను, లేచుటకు బద్ధకించి మానుకొందురు. ఊరి గ్రూపులు, బంధువుల గ్రూపులు మ్రోగకుండ చేసి, కువైటు నంబరు ఒక్కటి మాత్రము మ్రోగునట్లు ఉంచుకొందురు. కువైటులో గడియారము మన గడియారమునకు రెండున్నర గంటలు వెనుక. అక్కడ ఎనిమిది గంటలకు వంటపాత్రలు కడిగి, పనిమనిషి గదిలో తల్లి ఫోను చేతికి తీసికొనునప్పటికి ఇక్కడ పదిన్నర యగును. పిల్లలు నిద్రకు ఆగలేక అవ్వ ఒడిలో తూగుచుందురు. ఫోను మ్రోగగనే లేతురు.